నీలం తాగిన గిన్నెలు

ఆ ల్యాబులో అందరూ ఆమెను చుక్కలమ్మ అనేవారు. పదకొండేళ్ళుగా పిపెట్‌తో చుక్కలు లెక్కపెట్టి కణాల గిన్నెల్లో వేయడమే ఆమె పని. లెక్క తప్పగా ఎవరూ చూడలేదు.

తప్పు ఆకు దగ్గర జరిగింది.

కిందటేడు ఒక కలబంద రసం కంపెనీ పరీక్షకు ఆకులు పంపింది. పోయిన అమ్మ నేర్పినట్టే వాటిని మొదలు కోసి బకెట్టులో నిలబెట్టింది. పసుపు జిగురంతా కారిపోయాక తొక్క తీసి, లోపలి గుజ్జును మూడు నీళ్ళలో కడిగింది. ఆ గుజ్జు వేసిన గిన్నెల్లో నరాల కణాలు హాయిగా బతికాయి. సన్నని పోగులు చాచి పక్క కణాన్ని అందుకున్నాయి. పెద్దసారు మురిసిపోయి ఇది నరాలకు బలమని రిపోర్టు రాశారు. కింద ఆమె సంతకం చేసింది.

ఏడాది తిరిగేసరికి ఆ మాట సీసా మీదకెక్కింది. "నరాలకు బలం. ల్యాబులో రుజువైంది."

ఆ సీసా అక్క వంటగదిలో కనబడింది. అక్కకు షుగరు. రెండేళ్ళుగా పాదాలు మొద్దుబారాయి. చెప్పు ఊడిపోయినా తెలియక నాలుగడుగులు వేసేస్తుంది. అమ్మకూ ఇలాగే మొదలైంది.

"డాక్టరిచ్చిన మాత్రలేవే అక్కా?"

"మానేశా. కడుపులో తిప్పుతున్నాయి. ఇదే రెండు పూటలా తాగుతున్నా. నువ్వు పరీక్ష చేసిందేగా, నీకే అనుమానమా?"

చుక్కలమ్మ మూత తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. చేదు. కడిగిన గుజ్జుకు అంత చేదు ఉండదు. ఆకును తొక్కతో సహా మరలో వేసి పిండారన్నమాట. తాను కారబోసిన పసుపు జిగురు ఈ సీసాలోనే ఉంది.

"ఇది నేను తీసుకెళ్తున్నా."

"తాగడానికా?"

"నా గిన్నెలకు తాగిస్తా."

మర్నాడు ఒక వరస గిన్నెల్లో సీసాలోని రసం వేసింది. పక్క వరసలో కడిగిన గుజ్జు వేసింది. ఒక రోజు ఇంక్యుబేటర్‌లో ఉంచి, తీసి, నీలం రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. బతికున్న కణం ఆ రంగును లోపలికి రానివ్వదు. చచ్చినది తాగేస్తుంది. గుజ్జు వరస తెల్లగా మెరిసింది. సీసా వరసలో ఎటు చూసినా నీలమే. పోగులు తెగి ముక్కలై పడున్నాయి. రసాన్ని పలచన చేసి ఇంకో రెండుసార్లు చూసింది. అదే నీలం.

"ఎవరడిగారమ్మా ఈ పరీక్ష?" అన్నారు పెద్దసారు.

"మా అక్క పాదాలు అడిగాయి సార్."

"గిన్నెలో చస్తే మనిషిలో చచ్చినట్టా? ఆ మాత్రం తెలీదా?"

"తెలీదు సార్. కిందటేడు గిన్నెలో బతికితే మనిషికి బలమని రాసినప్పుడు కూడా మనకి తెలీదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అప్పుడు ఆకు కోసింది నువ్వే. తప్పు నీ మెడకే చుట్టుకుంటుంది. ఆలోచించుకో."

"నాదే సార్. ఇంట్లో చేసుకున్నట్టు శుభ్రం చేశాను. వాళ్ళ మర ఎలా పిండుతుందో అడగలేదు. అదే రాశాను." ఆమె రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టింది.

"ఆ పేజీ తీసెయ్."

"పేజీలకు నంబర్లున్నాయి సార్. నూట పన్నెండు తర్వాత నూట పద్నాలుగు ఎందుకొచ్చిందో అడిగేవాళ్ళకి మీరే చెప్పుకోవాలి."

"పోనీ, కంపెనీకి ఈ ఏడు మళ్ళీ ఇవ్వాల్సిన రిపోర్టు మీద సంతకం?"

"పెట్టను. పాతదాని మీద పెట్టింది కూడా వెనక్కి తీసుకుంటున్నానని కంపెనీకి రాశాను. పొద్దుటి టపాలో వెళ్ళింది."

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటారుగా సార్."

ఆ వారమే ఆమెను గిన్నెలు కడిగే గదికి మార్చారు. చేతులు నానిపోయి ఇంటికి వస్తూ దారిలో మందుల షాపులో ఆగింది.

"నా సీసా ఏదే?" అంది అక్క.

"నీలమైపోయింది. ఇవిగో నీ మాత్రలు. తిప్పినా సరే, వేసుకో. రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తా, మందు మార్చమందాం."

"నీ మాట వినే తాగాను. నీ మాట వినే మానాలా?"

"అవును. అప్పుడు నేనే తప్పు చెప్పాను."

చుక్కలమ్మ నేల మీద కూర్చుని ఆమె పాదం ఒళ్ళోకి తీసుకుంది.

"కళ్ళు మూసుకో. ఎక్కడ తాకుతున్నానో చెప్పు."

"బొటనవేలు."

చుక్కలమ్మ వేలు మడమ మీద ఉంది. అక్కడినుంచి కదపలేదు.

"మళ్ళీ చెప్పు," అంది.