సర్వర్ లేవని పొద్దు

సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊళ్ళో తప్పిపోయిన కుక్కల ఆశ్రయం ఉంది. అక్కడ ఫోన్లు ఎత్తే పని నాది. ఆ శుక్రవారం బోనులో ఒక ముసలి నల్లకుక్క ఉంది. దాని మెడలోని బిళ్ళ మీద నంబరు ఉంది కానీ, ఆ నంబరు ఎవరి కుక్కదో మా కంప్యూటరుకే తెలుసు. మధ్యాహ్నం దక్షిణానికి బండి వెళుతుంది. యజమాని తెలియని కుక్కల్ని ఎక్కించుకుపోతుంది. అలా వెళ్ళిన కుక్క తిరిగిరావడం నేనెన్నడూ చూడలేదు.

కంప్యూటరుకు అధిపతి లోర్న్. కాగితం మిల్లులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. విండోస్ అంటే చులకన. కానీ మాకు దానంగా వచ్చింది విండోస్ యంత్రమే. అందుకని దాని కడుపులో, మౌస్ లేకుండా ఆజ్ఞలు టైపు చేసే యూనిక్స్ తరహా నల్ల కిటికీ ఒకటి తెరిచి, కుక్కల వివరాల డేటాబేస్ చేత అందులో కాపురం పెట్టించాడు. మౌస్ ముట్టుకుంటే మైలపడినట్టు చూస్తాడు.

ముందురోజు కరెంటు పోయింది. పొద్దున ఆ డేటాబేస్‌ను నడిపే సర్వర్ లేవలేదు.

"ఎందుకు లేవదు?" అన్నాను.

"చూస్తున్నాగా."

చూడటమంటే, ఇంటర్నెట్లో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు రాసిన మందును కాపీ చేసి నల్ల కిటికీలో పోయడం. మొదటి మందు అనుమతులన్నీ మార్చింది. రెండోది మొదటిదాన్ని తప్పుపట్టింది. మూడోది వేశాక అసలు సర్వరే లేదంది యంత్రం.

మేనేజర్ ఆర్డిత్ తొంగిచూసింది. "ఏమయ్యా, వైద్యమా, దినమా?"

"ఇక ఒకటే దారి. ఫోల్డరు మొత్తం చెరిపేసి కొత్తగా పెడతా."

"మరి యజమానుల వివరాలు?"

"పోతాయి. కానీ సర్వర్ మాత్రం లేస్తుంది."

"బ్యాకప్ ఉందన్నావుగా?"

"ఉంది. ఆ ఫోల్డర్లోనే."

ఆర్డిత్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "ఎందుకు లేవనంటోందో అదే ఎక్కడో రాసుకుంటుందన్నావుగా ఒకసారి. చదివావా?"

"అది చివరికి చదివేది," అన్నాడు నొచ్చుకుని.

"ఇదే చివర. చదువు."

చదివాడు. 'ఇంకో సర్వర్ ఇప్పటికే నడుస్తోంది, నేను లేవను' అని పొద్దున్నే రాసిపెట్టుంది. నడిచే ప్రతి ప్రోగ్రాముకూ యంత్రం ఒక నంబరు ఇస్తుందట. కరెంటు పోయినప్పుడు సర్వర్ చచ్చింది గానీ, 'నేనున్నాను' అంటూ తన నంబరు రాసిపెట్టిన చిన్న ఫైలు మిగిలిపోయింది. పొద్దున యంత్రం ఆ నంబరునే ఫోటోలు చిన్నవి చేసే ప్రోగ్రాముకు ఇచ్చింది. అది నడుస్తుంటే, పాత సర్వరే బతికుందనుకుని కొత్తది మర్యాదగా నిలబడింది.

బయట బండి హారన్ మోగింది.

లోర్న్ ఆ ఒక్క ఫైలు తీసేశాడు. పొద్దుటి నుంచి మార్చినవన్నీ గొణుక్కుంటూ వెనక్కి తిప్పాడు. సర్వర్ లేచింది. బిళ్ళ నంబరు కొడితే హిల్యా కోస్కెలా పేరు వచ్చింది. ఆమెకు ఫోన్ చేశాను. నల్లకుక్క సంగతి చెప్పాను.



"బతికున్నాడా?" అంది.

బోనులోకి చూశాను. పడుకుని ఆవులిస్తున్నాడు.

"ఉన్నాడమ్మా. నిదానంగా రా, రోడ్డంతా మంచు. నువ్వొచ్చేదాకా బండివాడికి తలుపు తీయను."