మూడో పీరియడు, నలభై నిమిషాలు

రబ్బరుతో చెరిపి చెరిపి వెనెతా ముందున్న కాగితం ఉల్లిపొరలా అయింది. పొద్దున ఏడున్నరకే ఒక సహాయకురాలికి జ్వరమని ఫోను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల పక్కన ఏ గంటలో ఎవరు కూర్చోవాలో పట్టిక వేయడమే, లోమ్ ఊరి బడిలో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. మొగుణ్ణి పాతిపెట్టిన రోజు కూడా వచ్చి, పట్టిక గోడకు అతికించాకే శ్మశానానికి వెళ్లింది.

ప్రిన్సిపాల్ స్తామెనోవ్ తలుపులోంచి తొంగిచూశాడు. "ఇంకా దాంతోనే కుస్తీయా వెనెతా గారూ? రేపట్నుంచి పెన్షనేగా, హాయిగా టమాటాలు నాటుకోండి!"

"వాటికీ పట్టిక వేస్తాలెండి."

నవ్వి, మళ్లీ పట్టిక మీదికి వంగింది. కాలినా అనే పిల్లకు ఎదురుగా, మూడో పీరియడు గడిలో సహాయకురాలు పావ్లినా పేరుంది. మూడేళ్లుగా అది అబద్ధం. ఆ నలభై నిమిషాలూ పావ్లినా రెండు వీధుల అవతల, మంచం పట్టిన తల్లికి తినిపించడానికి పోతుంది. ఇక్కడ వెనెతా కూర్చుంటుంది. పక్కన మనిషి లేకపోతే తొమ్మిదేళ్ల కాలినా తన మణికట్టు తానే కొరుక్కుంటుంది. నిజం చెబితే పావ్లినా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే రేపు ముసలమ్మ పస్తుండాలి, లేదా ఈ పిల్ల చెయ్యి నెత్తురోడాలి.

మూడో పీరియడు మొదలైంది. కాలినా ఆమె చూపుడువేలు పట్టుకుని కూర్చుంది. వెనెతా రెండో చేత్తో రేపటి గడుల్లో పేర్లు జరుపుతూనే ఉంది. తలకు కప్పితే కాళ్లకు చాలని దుప్పటి అది.

పావుగంటకే పావ్లినా తిరిగొచ్చి, చేతిలోది కిటికీ గట్టు మీద పెట్టింది.

"లే అక్కా, నేను కూర్చుంటా."

"అప్పుడేనా? తిందా అమ్మ?"

"లేపితే లేవలేదక్కా. ఒళ్లంతా చల్లబడిపోయింది. పక్కింటావిడ డాక్టరుకి ఫోను చేసి, అక్కడే కూర్చుంది."

"మరి నువ్వెందుకొచ్చావే?"

"ఏమో. ఈ టైములో ఎక్కడుండాలో తోచలేదు."

రేపటి పట్టిక సరిపోయింది. వెనెతాకు ముందుగా తట్టిన మాట అదే. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టింది, కళ్లు నిండాయి. పెన్సిలు కింద పడేసి పావ్లినాను దగ్గరికి లాక్కుంది.

"ఇంటికి పోవే తల్లీ. ఇవాళ్టికి ఈ గంట నాదే."

పావ్లినా తలూపి, ఖాళీ చేతులతో వెళ్లిపోయింది. కిటికీ గట్టు మీద, ఉన్ని గుడ్డ చుట్టిన గాజు సీసాలో, మూతైనా తీయని కోడి సూపు ఇంకా వెచ్చగానే ఉంది.