పోగుల నల్లప్ప

కార్జాన్ని ఇరవై ముక్కలు చేసే పని దగ్గరికి వచ్చాడు నల్లప్ప. మాంసం పోగులు వేయడంలో అన్నిటికన్నా కష్టమైన పని అదే. ఎముకకు ఎముక దొరుకుతుంది, కండకు కండ దొరుకుతుంది, కానీ పొట్టేలు ఎంత పెద్దదైనా కార్జం ఒక్కటే. దాన్ని ఎడమ అరచేతిలో పరుచుకుని, పెదవులు బిగించి, మెల్లగా కోస్తూ ఒక్కో ముక్కనూ ఒక్కో పోగు మీద పెడుతున్నాడు. మోచేతుల దాకా నెత్తురు. వేళ్ల కణుపులు శనక్కాయల్లా ఉబ్బి ఉన్నాయి. మెడ చుట్టూ పాత తువ్వాలు. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, మూతి వంకరగా పెట్టి ఉఫ్ అని ఊదుకుంటున్నాడు.

ఉగాది మరునాడు. నిన్న ఓళిగలు తిన్న ఊరు ఈ రోజు మాంసం తినకపోతే పండుగ సగమే అయినట్టు. ముదిగుబ్బకు ఐదు మైళ్ల దూరంలోని ఆ ఊళ్లో ఇరవై ఇళ్లవాళ్లు కలిసి పొట్టేలును తెచ్చుకుని, బడి గోడ నీడలో పట్ట పరిచి, కోసి పంచుకుంటారు. పంచేది నల్లప్ప. మిగిలిన రోజుల్లో ఆయన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. కూలికి శనక్కాయలు పీకాడు, పరాయివాళ్ల గొర్రెలు మేపాడు, ఉపాధి పనిలో మట్టి తవ్వాడు. డెబ్బై ఏళ్లలో ఫోటోకు కూర్చున్నది ఆధార్ కార్డు కోసం ఒక్కసారే. కానీ కోత రోజున మాత్రం ఆయన లేనిదే ఊరికి ముద్ద దిగదు. అందుకే పోగుల నల్లప్ప అయ్యాడు.

ఆ పోగులకో పద్ధతి ఉంది. వేసినవాడు ఒక పోగు మీద వేలు పెట్టి 'ఇది?' అంటాడు. గోడ వైపు తిరిగి నిలబడ్డ మనిషి తోచిన పేరు పిలుస్తాడు. ఆ పోగు ఆ ఇంటిది. వేలు పెట్టినవాడికి ఏ పేరు వస్తుందో తెలియదు, పేరు పిలిచినవాడికి ఏ పోగో తెలియదు. అందరివీ అయ్యాక మిగిలింది వేసినవాడిది.

గోడ వైపు తిరిగి పిలిచేది బయ్యన్న. ఊళ్లో ఎక్కువ పొలం ఆయనది, రెండుసార్లు సర్పంచి, బొజ్జ ముందు నడిస్తే ఆయన వెనక నడుస్తాడు. నలభై ఏళ్ల కింద ఈ పద్ధతి లేదు. పెద్దింటి పోగులో తొడ కండ, కూలివాళ్ల పోగుల్లో ఎముకలూ పేగులూ పడేవి. కొత్తగా పోగులేయడానికి కూర్చున్న నల్లప్ప ఒక పండుగనాడు ఎప్పటిలాగే పెద్దవీ చిన్నవీ వేసేసి, "బయ్యన్నా, ఈసారి ఆటగా నువ్వు గోడకు తిరుక్కోని పేర్లు పిలువప్పా" అన్నాడు. బయ్యన్నకు అప్పుడు ముప్పై దాటలేదు, సరదాపడి తిరిగాడు. తన పేరు తానే పిలుచుకుని వెనక్కి చూస్తే పోగులో రెండు ఎముకలూ మూరెడు పేగూ ఉన్నాయి. తొడ కండ ఊరి చివరి గుడిసెకు పోయింది. ఊరు పగలబడి నవ్వింది. పదిమందిలో ఒప్పుకున్న మాట కాదనలేక ఆ ఎముకలే ఇంటికి పట్టుకుపోయాడు. మరుసటి కోత రోజున తెల్లవారకముందే వచ్చి నల్లప్ప ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అన్నీ సమానంగా ఎయ్ రా నల్లప్పా. యాదన్నా చిన్నదిగా ఉండాదంటే ఊరుకునేది లేదు!"

అంతకుముందు ఆ ఊళ్లో న్యాయం మీద ఎవరికీ అంత ప్రేమ పుట్టలేదు.

అప్పటినుంచీ పిలిచే పని బయ్యన్నదే. ప్రతిసారీ తన పోగు చూసి కొవ్వు ఎక్కువనో, కండ తక్కువనో జగడానికి దిగేవాడు కూడా ఆయనే. నల్లప్పకు ఆ జగడం ఇష్టం. తాను వేసిన పోగును ఎత్తి, దించి, విడదీసి చూసేవాడు ఒకడుండాలి. అప్పుడే ఆ పనికి విలువ.

ఈ ఏడాది ఊరి ముందర 'ఆదర్శ గ్రామం' అని బోర్డు పెట్టారు. పొద్దున పొట్టేలు తోలు తీస్తుండగా దాని గురించి మాట వచ్చింది. మూడో ఇంటి కోడలు వనజాక్షి, పోగుల దగ్గర బయ్యన్న తర్వాత అంత గట్టిగా నోరు చేసే మనిషి, బిందె చంకన పెట్టుకుని అడిగింది.

"ఆదర్శమంటే ఏంది మామా?"

"లైట్లు, సిమెంటు రోడ్డు" అన్నాడు బయ్యన్న కుర్చీలోంచి.

నల్లప్ప తోలు లాగడం ఆపాడు. "నాకు తెలిసింది చెప్తా. మనమంతా ఇంగా పుట్టలేదనుకో. యా ఇంట్లో పుడతామో తెలీదు. అప్పుడు ఊరును పోగులెయ్యమంటే ఎట్లేస్తాం? ఎవరన్నా బోరింగును తీసకపోయి ఒక ఇంటి గేటు ముందర ఏస్తారా?"

ఊరి బోరింగు బయ్యన్న గేటు ముందరే ఉంది. వనజాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయ్యన్న మాత్రం సిమెంటు రోడ్డు మీద ఏదో చాలా ముఖ్యమైనది కనబడినట్టు అటే చూస్తూ కూర్చున్నాడు.

ఇంత మాట అన్నవాడి గుండెలో ఆ రోజు బెదురుంది. రెండు నెలలుగా రెండు కళ్లకూ పొర కమ్ముకుని ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పట్ట దగ్గర చోటు పోతుంది. చోటు పోతే తాను ఊళ్లో అందరిలాంటి ముసలివాడే. తన తర్వాత కూర్చునేవాడు ఈ పద్ధతి మాని పెద్దింటి మొహం చూసి పోగు వేస్తే? ఆ తలపే ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు. అందుకే ఈ రోజు చూపును నమ్ముకోకుండా వేళ్లతో తడుముతూ ఇరవై పోగులూ పూర్తి చేశాడు.

"ఇది?"

"సుష్మా వాళ్లకు!"

"ఇది?"

పేర్లు వరసగా నడిచాయి. గిన్నెలు నిండాయి. పదకొండో పోగుకు బయ్యన్న తన పేరే పిలుచుకున్నాడు. తిరిగి చూశాడు. నల్లప్ప జగడానికి సిద్ధంగా నడుం నిలబెట్టాడు. బయ్యన్న ఏమీ అనలేదు. గిన్నెలో ఎత్తుకుని, మళ్లీ గోడకు తిరిగి, మిగిలిన పేర్లు గబగబా పిలిచేశాడు.

నల్లప్పే అడిగాడు.

"ఏం బయ్యన్నా, ఈపొద్దు నీ పోగులో కొవ్వు లేదా?"

"అంతా బాగానే ఉండాది పోప్పా."

నల్లప్ప లేచి వెళ్లి ఆ గిన్నెలో చెయ్యి పెట్టాడు. మూడు ఎముకలు, ఒక పక్కటెముక, ఇంత కొవ్వు. కార్జం ముక్కే లేదు. పక్కన వనజాక్షి గిన్నె తడిమితే అందులో రెండున్నాయి. అందరూ నేల చూపులు చూస్తున్నారు. అంటే అందరికీ తెలుసు. కళ్ల సంగతీ తెలుసు, పోగుల సంగతీ తెలుసు. ముసలాయన బాధపడతాడని నోరు మూసుకున్నారు. ఆ మంచితనం ఆయనకు చెంపదెబ్బ కన్నా ఎక్కువగా తగిలింది.

"నలభై ఏండ్లు నాతో కొట్లాడినావే, ఈపొద్దేమొచ్చింది నీకు?"

"ఇంతమంది ముందర నీ పరువు తీయమంటావా?" అన్నాడు బయ్యన్న గొంతు తగ్గించి.

"నా పరువు కాదన్నా, పోగు పరువు చూడాల. దయ ఉంటే ఇంటికి పిలిచి ఒక ముద్ద పెట్టు, తింటా. ఈడ మాత్రం నాయమే. ఈపొద్దు నన్ను చూసి ఊరుకుంటే, రేపు ఇంగొకన్ని చూసి ఊరుకుంటారు. అన్నీ కుమ్మరించండి!"

బయ్యన్నే ముందుకొచ్చి తన గిన్నెను పట్ట మీద బోర్లించాడు. ఒకరి వెనక ఒకరు అందరూ బోర్లించారు. ఇంటిదాకా పోయినవాళ్లను కేకేసి పిలిచారు. ఒకావిడ అప్పుడే ఉప్పు, పసుపు పట్టించేసిందట, కడిగి తెచ్చింది.

"ఇప్పుడు ఎవరేస్తారు?" అన్నారెవరో.

"బయ్యన్న కాకుండా, నేనేసిన పోగుల్లో ఎక్కువ తప్పులు పట్టేది ఎవరు?" అన్నాడు నల్లప్ప.

"వనజాక్షి!" ఊరంతా ఒక్క గొంతుతో అంది.

"నేనా మామా? ఆడదాన్ని యాడన్నా..."

"కండ్లు ఉండాయా లేదా? కూర్చో. మిగిలింది నీదే, అది మాత్రం మతిలో పెట్టుకో."

ఆ ఒక్క మాటతో వనజాక్షి నోరు పడిపోయింది, చెయ్యి నడిచింది. ఇన్నాళ్లూ ఒకరి పోగులను తూర్పారబట్టిన మనిషి ఇప్పుడు ఒక ఎముక అటు పెట్టి, రెండడుగులు వెనక్కి పోయి చూసి, మళ్లీ ఇటు పెట్టింది. ఎండ గోడ మీదికి ఎక్కింది. ఎసట్లో నీళ్లు మరిగిపోతున్నాయని ఆడవాళ్లు, ఆకలని మగవాళ్లు గోల పెట్టారు. "ఉండండప్పా, సమానం కావాల గదా!" అని కసిరింది. నల్లప్ప ఒక్కో పోగునూ తడిమి చూశాడు. ఇరవై పోగులూ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి. గుండెల మీది బరువు దిగిపోయింది. తాను లేకపోయినా ఇది నడుస్తుంది. ఇంత సంతోషం ఆయనకు ఏళ్ల తరబడి కలగలేదు.

"పిలిచేది నువ్వే ఈసారి" అని బయ్యన్న ఆయన్ని గోడ దగ్గరికి నడిపించాడు. "నీకు వీపు తిప్పే పని గూడా లేదులే, యా పక్క నిలబడినా ఒకటే!"

అందరికన్నా గట్టిగా నవ్వింది నల్లప్పే. వనజాక్షి 'ఇది?' అంటుంటే ఒక్కో పేరూ గొంతెత్తి పిలిచాడు. పద్దెనిమిది పేర్లయ్యాక ఆగిపోయాడు.

"రెండు మిగిలినాయి మామా. ఒకటి నాది. ఇంగొకటి ఎవరిది?"

నల్లప్ప వేళ్లు మడిచి లెక్క చూశాడు. తూర్పు వీధి, పడమటి వీధి, అందరూ వచ్చారు. ఎవరబ్బా? నలభై ఏళ్లుగా మిగిలింది తీసుకోవడమే తప్ప తన పేరు అక్కడ ఎవరూ పిలిచింది లేదు. అది ఆయనకు తట్టనే లేదు.

"నల్లప్పకు!" అని అరిచాడు బయ్యన్న.

"ఆఁ!" అని బళ్లో హాజరు పలికినట్టు పలికాడు నల్లప్ప. ఊరు నవ్వుతూనే ఇళ్లకు పోయింది.

ఇంటికి వచ్చి ఆయనే మసాలా నూరి కూర వండాడు. భార్య రత్నమ్మ పోయి పదేళ్లయింది. పక్కింట్లో ఓబులమ్మ అని ఒంటరి ముసలావిడ. ఆమెకు వాటాలో చేరే శక్తి లేదు. ఆమెకూ ఒక పోగు వేద్దామని నల్లప్ప ఒకసారి అడిగితే, వాటాలేని ఇంటికి పోగు ఎట్లా అన్నారు. ఊరి న్యాయం ఇరవై ఇళ్ల దగ్గర ఆగిపోతే తన ఇంటి న్యాయం ఇంకో గడప దాటనీ అనుకున్నాడు. అప్పటినుంచీ తన కూరను రెండు గిన్నెల్లోకి పంచుతాడు. పంచినవాడు ఆఖరున తీసుకోవాలి గనుక, ముందు ఆమె ఏదో ఒకటి తీసుకున్నాకే ఆయన తినేది.

ఈ రోజు ఆమె రాప్తాడులో ఉన్న కూతురికి ఓళిగలు ఇవ్వడానికి పోయింది. వేళ్లతో ముక్కలు లెక్కపెట్టి పంచి, మూతలు పెట్టి, చెయ్యి కడుక్కుని, పందిరి కింద మంచం మీద వాలాడు. దారిన పోతూ వనజాక్షి పలకరించింది.

"తిన్నావా మామా?"

"ఓబులమ్మ రానీ. బాగేసినావు పోగులు. నాకన్నా బాగేసినావు."

మధ్యాహ్నం ఊరంతా తిని పడుకుంది. వేప పూత రాలుతోంది. ఆయన కూడా తువ్వాలు మొహం మీద కప్పుకుని నిద్రపోయాడు.

నాలుగు గంటల బస్సు దిగి వచ్చింది ఓబులమ్మ. "అన్నా, ఇంత పొద్దు నిద్రేంది, లెయ్" అంది. తువ్వాలు తీసి, నుదుటి మీద చెయ్యి పెట్టి, అలాగే నేల మీద కూలబడింది. బాధేమీ లేకుండా పోయాడని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. తోబుట్టువు లేని తనకు ఈ పొద్దుతో అన్న లేకుండా పోయాడన్నదొక్కటే ఆమెను కోసేస్తోంది.

వనజాక్షిని పిలవడానికి లేచినప్పుడు వంటింట్లోకి చూపు పోయింది. లోపలికి వెళ్లి మూతలు తీసి చూసింది. ఇందులో ఎక్కువ, అందులో తక్కువ అనడానికి లేదు. మళ్లీ మూతలు పెట్టేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వీధిలోకి నడిచింది.

పొయ్యి గట్టు మీద ఎవరూ ముట్టని ఆ రెండు గిన్నెలూ పక్కపక్కనే ఉన్నాయి, కూర ఇంకా గోరువెచ్చగానే ఉంది.