రాజీ చాయ్

లోక్ అదాలత్ బెంచిలో సభ్యుడిగా కూర్చోమని కబురు వచ్చిన రోజు నుంచి నేను కొంచెం నెమ్మదిగా నడవడం మొదలుపెట్టాను. పదవి వస్తే నడక మారాలని నాకెవరూ చెప్పలేదు. కాళ్లు వాటంతటవే తెలుసుకున్నాయి.

నాకు జహీరాబాద్‌లో పూజాసామాన్ల దుకాణం ఉంది. చదువు పదో తరగతి. ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం పెడతాను, శనివారం సాయంత్రం గల్లీలో భజన నడిపిస్తాను. లోక్ అదాలత్ బెంచిలో ఒక జడ్జి, ఒక వకీలు, వాళ్ల పక్కన చట్టం చదవని సంఘసేవకుడొకడు ఉంటారట. చట్టం చదవని ఆ కుర్చీకి నాకంటే తగినవాడు లేడని ఆ బెంచి వకీలు విష్ణువర్ధన్‌కు తోచింది. ఆయన అగరబత్తులు మా దగ్గరే కొంటాడు.

"చిన్న కేసులే మదన్‌మోహన్ సేట్. కొట్లాటలు, తిట్లు. ఇద్దర్ని కూచోబెట్టి రాజీ చెయ్యాలె. మీకు అలవాటేనాయె," అన్నాడు.

అలవాటే. మా నాయన కాలం నుంచి మా దుకాణం అరుగు మీద పంచాయితీలు తెగుతూనే ఉన్నాయి. దానికి మా ఇంటి పద్ధతి ఒకటుంది. ఒకటే చాయ్ తెప్పించి, సగం కప్పులో ఉంచి, మిగతా సగం కప్పు కింద పెట్టే బశిలో పోస్తాం. కప్పు దెబ్బ తిన్నవాడికి, బశి కొట్టినవాడికి. ఇద్దరూ తాగితే పంచాయితీ ఒడిసినట్టే. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తరాదు.

అదాలత్ రోజు పొద్దున్నే పూజ చేసుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని, సంచిలో ఒక కప్పూ బశీ తువ్వాలలో చుట్టి పెట్టుకుంటుంటే మా ఆవిడ అనంతమ్మ చూసింది.

"కోర్టుకు కప్పు బశి ఎందుకు?"

"ఆడ అన్ని కాగితం గిలాసలే ఉంటయి."

"అయితే జడ్జి మేడంకు చాయ్ పోసే నౌకరీయా మీది?"

"నీకు తెల్వదు."

"నాకెట్ల తెలుస్తది? జడ్జి సాబ్ పెండ్లాన్ని అయింది ఇయ్యాల్నే గదా. గని సాబ్, గ్యాస్ బండ వచ్చింది. జర లోపల పెట్టి పోండ్రి."

తీర్పులు చెప్పబోయే మనిషితో బండ మోయించడం బాగుంటుందా అని ఆలోచిస్తూనే మోశాను. పంచె మీద మరక పడింది. సంచి అడ్డం పెట్టుకుని కోర్టుకు వెళ్లాను.

జడ్జి శిరీష గారిది మా పెద్ద కూతురి వయసు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టారు. ఆ నమస్కారంతో నా వెన్ను మరికాస్త నిటారైంది. కానీ కేసులు మొదలయ్యాక నాకు పని తగల్లేదు. వచ్చినవాళ్లు వకీళ్ల ముందే రాజీపడి వస్తున్నారు. నేను గొంతు సవరించుకునేలోపు నా ముందుకు సంతకానికి కాగితం వస్తోంది. చెప్పాలని దాచుకున్న రెండు నీతికథలు కడుపులోనే ఉండిపోయాయి.

అప్పుడు తారాబాయి కేసు పిలిచారు.

ఆమె చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన మక్కకంకులు కాల్చి అమ్ముతుంది. ఆమె బండి నిలిపే చోటుకు వెనకే రాజేశ్వర్ పటేల్ అల్లం చేను. బండి తీయమంటే తీయలేదని, లారీల డ్రైవర్లందరూ చూస్తుండగా ఆమెను చెంప మీద కొట్టాడని, పెదవి చిట్లిందని కేసు. రాజేశ్వర్ రాజీకి సిద్ధంగా వచ్చాడు. తారాబాయి కాదంది. ఎందుకో చెప్పలేదు.

"బలవంతం ఏమీ లేదమ్మా, ఆలోచించుకోండి," అన్నారు జడ్జి గారు. ఇంతలో జిల్లా నుంచి ఫోను వచ్చిందని ఆమె లోపలి గదిలోకి వెళ్లారు.

నా సమయం వచ్చిందనుకున్నాను. రాజేశ్వర్ మా అన్నదానానికి ఏటా బియ్యం ఇస్తాడు. ఆ సంగతి అప్పుడు నాకు గుర్తు లేదని చెప్పలేను.

"చూడమ్మా, కోపం పెట్టుకుంటే ఎవరికి లాభం? దేవుడు మనకు క్షమించే గుణం ఎందుకిచ్చినట్టు?" అని నా మొదటి నీతికథ మొదలుపెట్టాను. తారాబాయి గోడకున్న ఫ్యాను వైపు చూస్తూ వింది. రెండోది కూడా చెప్పాను. ఫ్యాను వైపే చూసింది. ఇక మాటలతో పని కాదని బయటి హోటల్ నుంచి చాయ్ తెప్పించి, సంచిలోంచి కప్పూ బశీ తీశాను.

"సేట్, ఇదేంది?" అన్నాడు విష్ణువర్ధన్ మెల్లగా.

"చూస్తుండండి వకీల్ సాబ్."

బశి రాజేశ్వర్‌కు ఇచ్చాను. మా అరుగు మీద ఇంతకుముందు తాగినవాడే గనక అతనికి పద్ధతి తెలుసు. ఊది, జుర్రున తాగేశాడు. కప్పు తారాబాయి ముందు పెట్టాను. ఆమె కప్పును చూసింది, నన్ను చూసింది. కొంగుతో పట్టుకుని నెమ్మదిగా చివరిదాకా తాగింది.

నాకు ఒళ్లు పులకరించింది. మా నాయన చూసి ఉంటే బాగుండేదనిపించింది. జడ్జి గారు వచ్చి కూర్చోగానే లేచి నిలబడ్డాను. నిలబడనక్కర్లేదు, అయినా నిలబడ్డాను.

"మేడం, రాజీ అయిపోయింది."

ఆమె తారాబాయి వైపు తిరిగారు. "రాజీకి ఒప్పుకున్నారా అమ్మా?"

"ఏం రాజీ మేడం?"

"చాయ్ తాగినవు గదమ్మా," అన్నాను నేను.

"తాగిన. పొద్దుగాల్ల బస్సుకు ఏం తినకుంట వచ్చిన. పెద్దమనిషి ఇచ్చిండు, తాగిన. చాయ్ తాగితే కేసు ఒడుస్తదని ముందుగాల చెప్పొద్దా అన్నా? నీళ్లే తాగుదును."

వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. విష్ణువర్ధన్ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. జడ్జి గారు నవ్వలేదు. నా ముందున్న ఖాళీ కప్పును, బశిని ఒకసారి చూసి ఊరుకున్నారు. నవ్వి ఉంటేనే నాకు సులువుగా ఉండేది.

"మీకు రాజీ ఎందుకు వద్దో చెప్పగలరా?" అని ఆమె తారాబాయిని అడిగారు.

"ఠాణల రాజీ పడుమన్నరు. ఊర్ల పెద్దమనుషులు రాజీ పడుమన్నరు. ఈడ చాయ్ తాపి రాజీ అంటున్రు. కొట్టినవా లేదా అని పటేల్‌ను ఇప్పటిదాంక ఒక్కలు గూడ అడుగలే మేడం. నన్నే అడుగుతున్రు, ఒప్పుకుంటవా ఒప్పుకోవా అని. దెబ్బ తిన్నది నేను, ఒప్పుకునేది గూడ నేనేనా?"

రాజేశ్వర్ నా వైపు చూశాడు. నేను పంచె మీది మరక వైపు చూశాను.

"ఈ బెంచి మీద ఆ మాట అడగడానికి లేదమ్మా. ఇది ఇద్దరూ ఇష్టపడితేనే," అన్నారు జడ్జి గారు. "మామూలు కోర్టులో అయితే అడుగుతారు. కాని వాయిదాలు పడతాయి. మీరు సాక్ష్యం చెప్పాలి, ఎదుటి వకీలు మిమ్మల్ని గుచ్చి గుచ్చి అడుగుతాడు."

"అడుగనీయుండ్రి. ఆడ పటేల్‌ను అడిగేది ఎవరు?"

"నేనే. ఇదే కుర్చీలో."

"గట్లయితే వస్త," అంది తారాబాయి.

కేసు మామూలు కోర్టుకే తిరిగి వెళ్లింది. ఆ రోజు రాజీ కానిది అదొక్కటే అనుకుంటాను. నేను చేయి పెట్టిందీ అదొక్కటే.

ఇంటికి వచ్చాక కప్పు కడుగుతూ జరిగిందంతా అనంతమ్మకు చెప్పాను.

"మీ అరుగు మీద ఆడమనిషి ఎన్నడన్న వద్దన్నదా?" అని అడిగింది.

"లేదు."

"వద్దనొచ్చని మీరు ఎన్నడన్న చెప్పిన్రా?"

నేను కప్పు మళ్లీ కడిగాను. ఆ సాయంత్రం భజనలో స్వామికి కొబ్బరికాయ కొడుతుంటే చేయి కాసేపు ఆగింది. నేను చేసిన పనుల గురించి ఆయన ఏమైనా అడిగేలోపే కొబ్బరి, కర్పూరం ముందు పెట్టి లెంపలు వేసుకుంటున్నానే, ఇదీ మా అరుగు మీది చాయ్ లాంటిదేనా? ఆయన తాగుతున్నాడా, ఒప్పుకుంటున్నాడా? హారతి ఇచ్చేశాను.

తారాబాయి కేసు పిలిచే రోజు కనుక్కుని, దుకాణం అనంతమ్మకు అప్పజెప్పి కోర్టుకు వెళ్లాను. ఈసారి వెనక బెంచీలో కూర్చున్నాను. జడ్జి గారు అదే కుర్చీలో ఉన్నారు. రాజేశ్వర్ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. అతని మీదున్న ఆరోపణ చదివి, "ఈమెను కొట్టారా?" అని మామూలు గొంతుతోనే అడిగారు.

రాజేశ్వర్ తన వకీలు వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. చివరికి "లేదు మేడం" అన్నాడు. సాక్ష్యానికి వాయిదా వేశారు.

తారాబాయికి ఎంత బాధ కలిగిందోనని వరండాలో వెతికాను. చాయ్ బండి దగ్గర ఉంది.

"అబద్ధం చెప్పిండు గదమ్మా," అన్నాను.

"చెప్పిండు. గని నిలబడి చెప్పిండు అన్నా. లారీలోళ్ల ముంగట కొట్టేటప్పుడు గంత సేపు సోంచాయించలే. ఇగ నా వంతు. డ్రైవర్ ఒకాయన గూడ చూసింది చెప్త అన్నడు." ఆమె బండివాడితో, "ఇంకో చాయ్ పొయ్యి," అని కాగితం గ్లాసు నా చేతికిచ్చింది. "భయపడకుండ్రి. రాజీకి గాదు, ఉత్త చాయే."

వేడికి నా రెండో చేయి అలవాటుగా గ్లాసు కింద ఏదో వెతుక్కుంది.

"బశి తేలేదా ఇయ్యాల?"

"ఇంట్లనే పెట్టొచ్చిన."

"మంచిగ జేసిన్రు," అని ఊది తాగింది తారాబాయి. నేనూ తాగాను.