మూడు వేళ్ళ మందం

ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై. కళ్ళు మూసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కుషన్ బాబాయి లోలోపల లెక్కపెట్టుకుంటున్నాడు. నలభై ఒకటి దగ్గర ఎడమ తుంటి కింద ఏదో గట్టిగా తగిలింది. కళ్ళు తెరవకుండానే మొహం చిట్లించాడు.

ఖరీదైన కార్లకు వెనక సీట్లు తయారుచేసే ఫ్యాక్టరీ అది. తయారైన ప్రతి సీటు మీదా అరవై లెక్కపెట్టేంతసేపు కూర్చుని చూడటం అతని ఉద్యోగం. ఇరవై మూడేళ్ళుగా అదే పని, అందుకే అందరికీ కుషన్ బాబాయి అయ్యాడు. కూర్చుని తినేవాడంటే నువ్వేనని తోటివాళ్ళు ఏడిపిస్తే తనూ నవ్వేవాడు. ఒంట్లో కండ లేకపోవడం వల్లే ఆ పని దొరికింది. అప్పటి మేనేజరు అతని తుంటి ఎముకలు చూసి, ఇంతకంటే మంచి మీటరు ఎక్కడా దొరకదన్నాడు. చీపురుపుల్లకి చొక్కా తొడిగినట్టుంటావని భార్య ఇప్పటికీ అంటుంది.

సీటు బాగుంటే దాన్ని బోర్లా తిప్పి, అడుగున సుద్దముక్కతో ఒక సున్నా చుట్టి మధ్యలో చుక్క పెడతాడు. పక్క సెక్షన్‌లో బోల్టులు బిగించేవాళ్ళు ఆ చుక్క లేని సీటును ముట్టుకోరు. ఇది ఏ కాగితం మీదా లేదు. ఎప్పుడో మొదలైంది, అలా సాగిపోతోంది. తన బతుకు మొత్తంలో నలుగురూ మన్నించే విషయం ఏదైనా ఉందంటే ఆ సున్నా ఒక్కటే.

ఇవాళ వచ్చినవి కొత్త కారు సీట్లు. ఈ కారు సగం పెట్రోలుతో, సగం కరెంటుతో నడుస్తుందట. కరెంటు దాచుకునే బ్యాటరీ పెట్టెకు చోటు కావలసి వచ్చింది. కారు పొడవు పెంచలేదు, డిక్కీ తగ్గించలేదు. వెనక కూర్చునేవాడి కిందనుంచి లాగేశారు. ఫోము మూడు వేళ్ళ మందం కోసేశారు. అంతవరకైతే అతను సరిపెట్టుకునేవాడే. కోసింది తెలియకుండా పైన వెన్నలాంటి మెత్తటి పొర ఒకటి అతికించారు. కూర్చోగానే ఒళ్ళు హాయిగా దిగుతుంది. నలభై దాటాక, పరీక్షకని సీటు కింద పెట్టిన ఖాళీ పెట్టె అంచు ఎముకకు తగులుతుంది.

మేనేజరు వచ్చాడు. కుర్రతనం, ఖరీదైన సెంటు. వచ్చీ రాగానే సీటును అరచేత్తో నిమిరాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"కింద పెట్టె తగుల్తోంది సార్."

"మెషిన్‌కి తగల్లేదే." ఫోన్ తీసి, సీటు మీద ఒత్తిడి ఎక్కడెంత పడుతోందో మెషిన్ కొలిచిన బొమ్మ చూపించాడు. ఎక్కడా ఎరుపు లేదు, నిండా ఆకుపచ్చే.

"మెషిన్‌కి తుంటి లేదు కద సార్."

మేనేజరు నవ్వాడు. "షోరూమ్‌లో అర నిమిషం కూర్చుంటారు. అబ్బ, ఎంత మెత్తగా ఉందో అంటారు. కొనేస్తారు. తర్వాత తగిలితే రోడ్డు బాలేదనుకుంటారు."

ఆ నవ్వు చూసేసరికి బాబాయికి కడుపులో తిప్పింది. ఇలాంటి కార్లలో వెనక కూర్చునేది ఎవరు? ముసలివాళ్ళు, మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, ఆపరేషను చేయించుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళు. అతని తల్లి రెండేళ్ళు మంచం మీద ఉంది. పలచటి పరుపు మీద ఆమె తుంటి దగ్గర చర్మం ముందు కమిలింది, తర్వాత చితికింది, తర్వాత గుంట పడింది. ఇక్కడి తుక్కులోంచి ఫోము ముక్కలు పట్టుకెళ్ళి పరుపు చేసేసరికి ఆలస్యమైపోయింది. ఆ పుండు వాసన పదహారేళ్ళయినా ముక్కును వదల్లేదు. ఇవాళ ఈ పైపొర జిగురులో మళ్ళీ అదే వాసన వేసింది.

"వీటికి నేను గుర్తు పెట్టను సార్."

"మానెయ్. నీ సున్నా ఎవడిక్కావాలి?"

బాబాయి సుద్దముక్క అక్కడే బల్ల మీద పెట్టేశాడు. మధ్యాహ్నానికి నలభై సీట్లు బిగింపు సెక్షన్ ముందు పేరుకుపోయాయి. ఒక్కదానికీ బోల్టు పడలేదు. క్యాంటీన్‌లో బిగింపు మేస్త్రీ పక్కన కూర్చుని బాబాయి డబ్బా తెరిచాడు కానీ ముద్ద దిగలేదు. నుదుటి మీద చెమట, దవడ దగ్గర సన్నటి నొప్పి. అంతా ఆ సీటు మీద రోతేననుకున్నాడు. అయినా లోపల ఒక మూల సంతోషంగానే ఉంది. సున్నా ఎవడిక్కావాలో ఇప్పటికి తెలిసుంటుంది.

తిరిగి వచ్చేసరికి మేనేజరు చొక్కా చేతులు పైకి మడిచి, సీట్ల మధ్య గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో బాబాయి సుద్దముక్క. ఒక్కొక్క సీటు అడుగునా సున్నా చుట్టి చుక్క పెడుతున్నాడు. బాగానే వేస్తున్నాడు. కాసేపటికి మేస్త్రీ తన మనుషులతో వచ్చి బోల్టులు దింపడం మొదలుపెట్టాడు.

"ఏం మేస్త్రీ, గుర్తు చూశావా?" అన్నాడు బాబాయి.

"చూశానన్నా. నువ్వు వేసిందేగా."

"అవి వేసేటప్పుడు నేను నీ పక్కనే క్యాంటీన్‌లో కూర్చుని ఉన్నాను కదా."

మేస్త్రీ తల ఎత్తలేదు. "లైన్ ఆగితే నా మీదకొస్తుందన్నా."

బాబాయి బాత్రూమ్‌లోకి వెళ్ళి ఉమ్మేసి, మొహం కడుక్కున్నాడు. మేనేజరు అంతేలే అనుకోవచ్చు. ఇరవై ఏళ్ళు టీ పంచుకున్నవాడు అలా అనడమే అసహ్యంగా ఉంది. ఎవడైనా చుట్టేయగల సున్నాను పట్టుకుని ఇన్నేళ్ళు మురిసిపోయిన తన మీద తనకు అంతకంటే అసహ్యం వేసింది. గేటు దగ్గర కొత్త బొమ్మ కట్టారు. పెద్ద ఆకు మీద కొత్త కారు, కింద 'మీకు హాయి, భూమికి హాయి' అని రాసుంది. దాని ముందునుంచి తల తిప్పుకుని నడిచాడు.

కంపెనీ బస్సు సీట్లు చెక్కబల్లకు రెక్సిన్ చుట్టినట్టుంటాయి. అందుకని బాబాయి తన సంచిలో ఒక ఫోము ముక్క తెచ్చుకుంటాడు. చేరిన ఏడాది తుక్కులో దొరికింది, ఏడు వేళ్ళ మందం, అడుగున తన సున్నా. కూర్చునే ముందు రోజూ బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తాడు. మంచి ఫోము గబుక్కున లేవదు, తీరుబడిగా లేస్తుంది. ఇవాళ కూడా నొక్కి చూసి, దాని మీద కూర్చున్నాడు.

"కాస్త మెల్లగా పోనీ తమ్ముడూ, కడుపులో తిప్పుతోంది" అన్నాడు డ్రైవరుతో. ఇంటికి ఫోన్ చేసి, వేడినీళ్ళు పెట్టమని భార్యకు చెప్పాడు. కళ్ళు మూసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

చివరి స్టాపులో అందరూ దిగిపోయినా అతను దిగలేదు. డ్రైవరు భుజం తట్టి పిలిచాడు. మరోసారి పిలిచి, మణికట్టు పట్టుకుని చూసి, కిందున్న ఇద్దర్ని కేకేశాడు. ముగ్గురూ ఎత్తారు. ఒక్కడు సరిపోయేవాడు, అంత తేలిగ్గా ఉన్నాడు.

సీటు మీద ఫోము ముక్క ఉండిపోయింది. తుంటి ఎముకలు దిగిన చోట పడిన రెండు చిన్న గుంటలు తీరుబడిగా పైకి లేస్తున్నాయి.