బయటివైపు జిప్పు

దర్జీకి భయపడటం కొత్తేమీ కాదు. ఆకు కదిలితే ఉలిక్కిపడతాడు. గేటుకు గొళ్లెం పెట్టి లోపలికి వస్తాడు, మళ్లీ వెళ్లి పెట్టానో లేదో చూసి వస్తాడు. అలాంటి మనిషిని పెరట్లో మొక్కలకు ప్లాస్టిక్ ఇల్లు కట్టమని భార్య అడిగితే ఇక చెప్పాలా? గాలికి ఎగిరిపోతుందేమోనని, పిల్లి చీరేస్తుందేమోనని, పక్కింటి డ్రైవరు చూసి నవ్వుతాడేమోనని నెల రోజులు నాన్చాడు. ఆ నెలలోనే మంచు పట్టి ఆమె టమాటా నారంతా నల్లగా మాడిపోయింది. ఆమె ఒక్క మాట అనలేదు. రెండు రోజులు మూతి ముడుచుకుని ఇస్త్రీ చేసుకుంది. మాట్లాడని పెళ్లాం కంటే గాలివానే నయమనిపించి అతను పనిలోకి దిగాడు.

పెద్ద ఖర్చేమీ కాలేదు. ఎవరో ఇల్లు బాగుచేయించుకుంటూ పారేసిన నీళ్ల పైపులు ఏరుకొచ్చి, నేలలో పాతిన ఇనుప చువ్వలకు తొడిగి విల్లులా వంచాడు. పరుపుల కొట్లో అడిగి, పరుపులకు చుట్టివచ్చే మందపాటి ప్లాస్టిక్ కవర్లు తెచ్చుకున్నాడు. ఇంకొకరైతే నాలుగు తాళ్లు కట్టి అయిందనిపించేవారు. ఇతను దర్జీ. ముక్కకు ముక్క జోడించి రెండేసి కుట్లు వేశాడు. సూది పొడిచిన చిల్లుల్లోంచి చలి దూరుతుందని ప్రతి కుట్టు మీదా టేపు అంటించాడు. అడుగు అంచులు మట్టిలో పూడ్చి తొక్కాడు. తలుపు దగ్గరికొచ్చేసరికి తన పనితనమంతా చూపించాడు. చలికోటుకు వేసే జిప్పునే నిలువెత్తున వేశాడు. రన్నరు బయటివైపు పెట్టాడు. కోటుకు అలాగే కదా వేస్తాడు, లోపల్నుంచి జిప్పు లాగేవాళ్లెవరుంటారు?

"అంటే నేను లోపలికెళ్తే మీరే వచ్చి తియ్యాలన్నమాట" అంది భార్య నవ్వుతూ.

"పిలువు, తీస్తాను. ఎక్కడికి పోతాను? మిషను కిటికీ పక్కనే కదా."

అదే అలవాటైపోయింది. ఆమె లోపలికి వెళ్లగానే వెచ్చదనం పోకుండా అతను జిప్పు మూసేవాడు. "ఏవండీ" అనగానే లేచి వెళ్లి తీసేవాడు. పది రోజులు అలా హాయిగా గడిచాయి. కొత్త నారు రెండాకులు వేసింది. ఆమె మొహంలో వెలుగు చూసి దర్జీ కూడా కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు.

పదకొండో రోజు సాయంత్రం నాలుగింటికే చలి ఎముకలు కొరికింది. మర్నాటికి ఇవ్వాల్సిన కోట్లు అతని ముందు కుప్పగా ఉన్నాయి. ఆమె ఇస్త్రీ ముగించి, పెట్టెలో మిగిలిన నిప్పులు పారేయడమెందుకని పాత మూకుట్లో పోసుకుంది.

"ఇవి లోపల పెడతాను. నారు కాస్త వెచ్చగా ఉంటుంది. నేను కలుపు పీకి వచ్చేస్తాను."

"అంచుకు పెట్టకు, ప్లాస్టిక్కు అంటుకుంటుంది. మధ్యలో పెట్టు" అన్నాడు దర్జీ. అతనికి తోచిన భయం అదొక్కటే. నిప్పుల్లో పొగ లేదు. పొగ లేని నిప్పుకు అతనంతటివాడు కూడా భయపడలేదు. జిప్పు కిందిదాకా లాగి వచ్చి మిషను ముందు కూర్చున్నాడు.

అది తిరుగుతున్నంతసేపు అతనికి ఏ చింతా ఉండదు. ఒక కోటు అయింది. రెండో కోటుకు చేతులు కూడా పడ్డాయి. మూడోది మొదలుపెట్టగానే దారం తెగింది.

మిషను ఆగింది. పెరట్లో అలికిడి లేదు. కిటికీలోంచి చూస్తే ప్లాస్టిక్ లోపలంతా ఆవిరి పట్టి తెల్లగా ఉంది. రోజూ దాని వెనక ఆమె నీడ కదులుతుండేది.

"ఇదిగో" అని పిలిచాడు. "ఏమే, వినపడటం లేదా?"

బదులు రాలేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తి రన్నరు లాగాడు. జానెడు పైకి వచ్చి అది ప్లాస్టిక్ మడతలో ఇరుక్కుంది. ఎంత లాగినా పైకీ రాదు, కిందికీ పోదు. రెండు చేతులతో ప్లాస్టిక్కును పట్టి చింపబోయాడు. అతను వేసిన కుట్లు అవి, ఒక్క పోగు కదల్లేదు. కత్తెర కోసం మళ్లీ ఇంట్లోకి పరిగెత్తాడు. ఆ పది అడుగులు వెళ్లి రావడానికి పట్టిన సేపు అతని జన్మలో ఎప్పుడూ పట్టలేదు.

పైనుంచి కింది దాకా కోసేశాడు. ఆమె బోర్లా పడి ఉంది. చెంప మట్టిలో ఉంది. జిప్పు అడుగున పూడ్చిన మట్టిని గోళ్లతో తవ్విన గుర్తులున్నాయి. చంకల్లో చేతులు వేసి బయటికి ఈడ్చాడు. పేరు పెట్టి అరిచాడు. పెళ్లయ్యాక ఆమెను అతను పేరుతో పిలవడం అదే మొదటిసారి.

అరుపు విని పక్కింటి డ్రైవరు గోడ దూకి వచ్చాడు. లోపల మూకుడు చూడగానే అతనికి అర్థమైంది. "బొగ్గుల గాలి బాబాయ్. పొగ కనపడదు గానీ ప్రాణం తీస్తుంది. పట్టండి, బండెక్కిద్దాం" అన్నాడు. దారి పొడుగునా దర్జీ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చున్నాడు. ఊపిరి తగిలినట్టే ఉండేది, అంతలోనే లేనట్టుండేది.

ఆసుపత్రిలో మొహానికి ఆక్సిజన్ తొడుగు పెట్టారు. "ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే" అని నర్సు చెప్పబోయి, అతని మొహం చూసి ఆపేసింది. చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. చూపు అటూ ఇటూ తిరిగి అతని దగ్గర ఆగింది. నర్సు తొడుగు కాస్త పక్కకు జరిపింది.

"పొగ లేదు కదా అనుకున్నాను" అన్నాడు దర్జీ. "ఒక్కసారి పిలిచుంటే వచ్చేవాణ్ణి కదే."

"పిలిచానండీ" అంది ఆమె. గొంతులో కోపం లేదు. "తల తిరగడం మొదలవగానే రెండుసార్లు పిలిచాను. మిషను తిరుగుతూనే ఉంది. రేపటికి ఇవ్వాల్సిన కోట్లు కదా, మాటిమాటికీ మిమ్మల్ని లేపడమెందుకని, ఆ కోటు అయ్యేదాకా ఆగుదామని కూర్చున్నాను."