సిద్ధంగారి స్విమ్మింగ్ పూల్

ఇంటిపన్నుల ఆఫీసు పెద్దాయన్ని చాటుగా అందరూ సిద్ధంగారు అనేవాళ్లు. పైనుంచి ఏం అడిగినా "అంతా సిద్ధం" అనడం ఆయనకు అలవాటు. అందుకే, ఆఫీసు కృత్రిమ మేధను వాడుకోగలదో లేదో తనిఖీ చెయ్యడానికి ఆడిటరమ్మ వచ్చినప్పుడు ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

"ఇళ్ల వివరాలు?"

"సిద్ధం మేడమ్."

"సిబ్బందికి శిక్షణ?"

"ఎప్పుడో సిద్ధం."

శిక్షణంటే ఒక మధ్యాహ్నం అందరూ ఫ్యాన్ కింద కూర్చుని వీడియో చూడడం. సగంమంది కునుకు తీశారు. ఆ సగంలో ఆయనా ఉన్నాడు.

"మరి యంత్రం పొరబడితే జనం ఎవరికి చెప్పుకోవాలి?"

"పొరబడేది మనం మేడమ్, అది కాదు! పైనుంచి తీసిన ఫొటో చూసి ఏ ఇంటికి ఎంత పన్నో తేల్చేస్తుంది. మా ఇల్లే చూపిస్తా రండి."

ఆపరేటరమ్మాయి ఆయన ఇంటి నంబరు కొట్టింది. 'మేడమీద స్విమ్మింగ్ పూల్, అదనపు పన్ను' అని తెరమీద పడింది. అంతటితో ఊరుకోక ప్రింటరు నోటీసు కూడా కక్కింది, కింద ఆయన సంతకంతో సహా.

గదిలో అందరికీ ఒక్కసారే దగ్గొచ్చింది.

సిద్ధంగారు వంగి తెరమీది ఫొటో చూశాడు. పూలూ లేదు, గీలూ లేదు. అది నీలం టార్పాలిన్ పట్టా! కప్పు కారుతోంది, మేస్త్రీని పిలవండని భార్య పోరుతుంటే, ఆ గొడవ పడలేక పైన పరిపించాడు.

"అది తీసెయ్యమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"తీసే వీల్లేదు సార్. తప్పే చెయ్యనిదానికి దిద్దుబాటు ఎందుకని మీరే వద్దన్నారు."

"మరి అభ్యంతరం ఎవరికి పెట్టుకోవాలి?"

"మీకే సార్. మీరు మళ్లీ యంత్రాన్ని అడగాలి."

అడిగారు. యంత్రం ఇంకోసారి చూసి, పూల్ ఉన్నమాట ఖాయమేనంది.

ఆడిటరమ్మ నవ్వలేదు. ఆయనకు అదే మరీ కష్టంగా తోచింది. "రేపొస్తాను, నింపాదిగా మాట్లాడుకుందాం," అని ఆమె లేచింది.

ఎవరు మోశారో గానీ, కబురు ఆయనకన్నా ముందే ఇల్లు చేరింది.

"ఇన్నాళ్లూ పూల్ ఉన్న ఇంట్లో కాపురం చేస్తూ నాకు తెలియనేలేదండీ," అంది భార్య మంచినీళ్లిస్తూ. "పిల్లల్ని ఈతకు పంపనా అని పక్కింటి వదినగారు అడుగుతున్నారు. ఏం చెప్పను?"

ఇంకో రోజయితే కసురుకునేవాడే. ఆవేళ ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వాక దిగులేసింది.

"నా మొరే వినే దిక్కు లేదే. పని మానుకుని వచ్చి క్యూలో నిలబడేవాళ్ల సంగతేమిటి?"

"నన్నడిగితే ఏం లాభం? ఆ ఆడిటరమ్మకే చెప్పండి."

పొద్దున ఆడిటరమ్మ కూర్చోగానే, "మేం సిద్ధంగా లేమండీ," అనేశాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక తక్కినవి వాటంతటవే వచ్చాయి. ఏమేం లేవో చెప్పుకుపోయాడు. సిబ్బంది నోళ్లు తెరుచుకు చూశారు. ఆమె అన్నీ రాసుకుంది.

మనిషి చూడకుండా నోటీసు పంపకూడదని తేలింది. అభ్యంతరాలు వినడానికి మొహమాటం బొత్తిగా లేని ఒక సీనియర్ గుమాస్తా ఆవిణ్ణి వేశారు. మొదటి అర్జీ పెద్దాయనదే.

"నా మాట చాలదామ్మా?"

"చాలదు సార్," అని ఆవిడ వెళ్లి మేడెక్కి, కళ్లారా చూశాకే లెక్కలోంచి పూల్ కొట్టేసింది.

తర్వాత మధ్యాహ్నాలు ఆయన ఆవిడ బల్ల పక్కనే కూర్చోసాగాడు. ఒకాయన వచ్చి, పెరట్లో నిలబెట్టిన లారీని గదిగా లెక్కేశారని మొదలుపెట్టాడు. సిద్ధంగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఏ రంగు లారీ అండీ?" అన్నాడు.